కార్మికుల ఆరోగ్యం మీద స్టడీకి ఏ పద్ధతి? మన మిల్లులు, గనులు, బీడీ ఇళ్లు చూసి ఐదింటి పోలిక

సినాప్సిస్ (థీసిస్ ప్లాను) గడువు దగ్గరపడితే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, జిన్నింగ్ మిల్లు వర్కర్ల మీద చేద్దామనుకుంటున్నా. క్రాస్ సెక్షనల్ పెట్టాలా, కేస్ కంట్రోల్ పెట్టాలా?" ఇదీ వరస. టాపిక్ ఉంటుంది, శాంపిల్ సైజు కూడా సీనియర్ థీసిస్‌లోంచి దిగిపోయి ఉంటుంది. "ఇంతకీ నువ్వు తెలుసుకోవాలనుకున్నది ఏమిటి?" అంటే మాత్రం లైన్ కట్ అయిందేమో అనిపించేంత నిశ్శబ్దం.

నవ్వడానికి నాకేం అర్హత లేదు. నా మొదటి స్టడీ కూడా ఇలాగే తగలడింది. వరంగల్ శివారులో ఒక జిన్నింగ్ మిల్లు, పత్తిలోంచి గింజలు వేరుచేసేది. నవంబర్ నెల, పత్తి లారీలు గేటు బయట దాకా బారులు తీరి ఉన్నాయి. ఓనరు మర్యాదస్తుడు. టీ ఇప్పించాడు, జిన్నుల దగ్గర పనిచేసేవాళ్లను షెడ్డు ముందు వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరితో ఊపిరితిత్తుల సత్తా కొలిచే స్పైరోమీటర్ ఊదించాం. రీడింగులు చూస్తే మా క్లాసు పిల్లల కంటే మెరుగ్గా ఉన్నాయి. పత్తి దుమ్ములో పొద్దంతా నిలబడేవాళ్ల ఊపిరితిత్తులు ఇంత భేషుగ్గా ఎలా ఉన్నాయా అని బుర్ర గోక్కుంటూ బయటికొస్తుంటే, గేటు దగ్గర రాలిన పత్తి ఊడుస్తున్న పెద్దామె చీపురు ఆపి అంది: "దగ్గు వట్టినోళ్లు ఈడెందుకుంటరు సారూ? ఇంటికాడ పండుకుంటరు."

పుస్తకాల్లో దీన్ని హెల్దీ వర్కర్ ఎఫెక్ట్ అంటారు. అప్పటికే పరీక్షలో దాని మీద షార్ట్ నోట్ రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మిల్లు గేటు దగ్గర మాత్రం అది గుర్తుకు రాలేదు.

అందుకే కింద ఐదు పద్ధతులను పోలుస్తూ ప్రతిదాన్నీ ఒకటే అడుగుతాను: ఈ లెక్కకు దొరక్కుండా పోయేది ఎవరు?

## పద్ధతి కంటే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న ఏ రకం? "ఎంతమందికి ఉంది" ఒక రకం. "ఎందుకొస్తోంది" ఇంకో రకం. "ఇలా చేస్తే తగ్గుతుందా" మూడో రకం. చాలా సినాప్సిస్‌లలో ఈ మూడూ ఆబ్జెక్టివ్స్ కింద వరసగా ఉంటాయి, కింద పద్ధతి మాత్రం ఒక్కటే ఉంటుంది. మొదటిదానికి సరిపోయే పద్ధతి మూడోదానికి జవాబు చెప్పలేదు.

హారం ఎక్కడుంది? లవం దొరకడం తేలిక, దెబ్బ తగిలినవాళ్లు ఆసుపత్రికి వస్తారు. ఎంతమందిలో వాళ్లకు తగిలిందన్నదే దొరకదు. సింగరేణిలో పర్మినెంట్ కార్మికుడికి మస్టర్ ఉంటుంది, మెడికల్ ఫైలు ఉంటుంది. అదే గనిలో కాంట్రాక్టు కార్మికుడి పేరు గుత్తేదారు కాగితాల్లో వెతుక్కోవాలి. జిన్నింగ్ మిల్లులో సీజన్ కూలీలకు మేస్త్రీ జేబులోని నోట్‌బుక్కే రిజిస్టర్. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో ఇంకో చిత్రం: పీఎఫ్ కార్డు అత్త పేరు మీద ఉంటుంది, ఆకు కత్తిరించి చుట్టేది కోడలు. కార్డుల జాబితా తీసి శాంపిల్ లాగితే, చుట్టడం మానేసి పదేళ్లయిన అత్త మెడనొప్పి మీ డేటాలోకి ఎక్కుతుంది.

ఎంత తరచుగా జరిగే విషయం? హమాలీల నడుమునొప్పి మీద సర్వే చేస్తే వంద మందిని అడిగినా సరిపడా కేసులు దొరుకుతాయి. జిన్ రోలర్‌లో చెయ్యి పడటం అలా కాదు. వెయ్యి మందిని అడిగినా ఒకరో ఇద్దరో తేలతారు. గ్రానైట్ పనిలో రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ మూడో రకం, దుమ్ము పీల్చడం మొదలైన పదేళ్లకో, ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది.

సీజన్ ఎప్పుడు? జిన్నింగ్ దసరా, దీపావళి దాటాక ఊపందుకుని ఎండలు ముదిరేసరికి సద్దుమణుగుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి జోరు సంక్రాంతి తర్వాత. తునికాకు ఎండాకాలంలో. ఎథిక్స్ కమిటీ అనుమతి మే నెలలో చేతికొస్తే జిన్నింగ్ స్టడీ ఆరు నెలలు వెనక్కి పోయినట్టే.

గేటు ఎవరు తీస్తారు? ఓనరు తీసిన గేటులోంచి వెళ్తే ఓనరు చూపించినవాళ్లే కనిపిస్తారు. యూనియన్ తీసుకెళ్తే యూనియన్ చూపించినవాళ్లు. రెండూ తప్పు కాదు, కానీ రిపోర్టులో ఆ సంగతి రాయాలి.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఏ ప్రశ్నకు | పట్టే సమయం | ఖర్చు | లెక్కకు దొరకనివాళ్లు |
|---|---|---|---|---|
| క్రాస్ సెక్షనల్ సర్వే | ఎంతమందికి ఉంది | 2 నుంచి 6 నెలలు | తక్కువ | పని మానేసినవాళ్లు, ఆ రోజు రానివాళ్లు |
| పాత రికార్డుల విశ్లేషణ | ఏళ్ల తరబడి పెరిగిందా, తగ్గిందా | అనుమతి వస్తే 2, 3 నెలలు | చాలా తక్కువ | రాయని ప్రమాదాలు, కాంట్రాక్టు కూలీలు |
| కేస్ కంట్రోల్ | అరుదైనది ఎందుకు జరిగింది | 6 నుంచి 12 నెలలు | మధ్యస్థం | ఆసుపత్రి దాకా రానివాళ్లు, చనిపోయినవాళ్లు |
| కోహార్ట్ (ఒక గుంపును ఏళ్ల తరబడి వెంబడించడం) | ఏది ముందు, ఏది తర్వాత | ఏళ్లు | ఎక్కువ | మధ్యలో ఊరు వదిలినవాళ్లు |
| మార్పుకు ముందూ తర్వాతా, పోలిక గ్రూపుతో | ఇది చేస్తే తగ్గుతుందా | 1 నుంచి 2 ఏళ్లు | మధ్యస్థం నుంచి ఎక్కువ | మార్పుకు ఒప్పుకోని మిల్లులవాళ్లు |

సమయాలు నా అనుభవం మీద వేసినవి. మీ గైడ్ సంతకాలు పెట్టే వేగాన్ని బట్టి మారతాయి.

## క్రాస్ సెక్షనల్: అందరూ చేసేది, అందుకే ఎక్కువగా పాడయ్యేది

ఒకసారి వెళ్తారు, అడుగుతారు, కొలుస్తారు, వస్తారు. నొప్పులు, చర్మం దురద, వినికిడి, మాస్కు వాడకం లాంటివాటికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. పీజీ థీసిస్ కాలవ్యవధిలో ఇమిడిపోతుంది కూడా. దీని జోలికి వెళ్లొద్దని అనను. కాకపోతే మూడు చోట్ల జారిపడతాం.

మొదటిది శాంపిల్ సైజు. మన కాలేజీల్లో అందరి నోటా ఉండేది 4పీక్యూ బై ఎల్ స్క్వేర్. పాత స్టడీ ఒకదాంట్లో దగ్గు లక్షణాలు 20 శాతం అని ఉందనుకుందాం. అప్పుడు పీ, అంటే లక్షణం ఉన్నవాళ్ల శాతం, 20. క్యూ, అంటే లేనివాళ్ల శాతం, 80. ఎల్ అంటే మనం భరించే తప్పు, దాని దగ్గరే కథంతా. ఎల్‌ను నేరుగా 5 శాతం అనుకుంటే 4 × 20 × 80 ÷ 25, అంటే 256 మంది. ఎల్‌ను పీలో 20 శాతం అనుకుంటే ఎల్ విలువ 4, మనుషులు 400. పీలో 10 శాతం అనుకుంటే ఎల్ 2, మనుషులు 1600! ఫార్ములా అదే, మిల్లు అదే. 256కూ 1600కూ మధ్య తేడా అంతా మీరు ఎంత తప్పును భరిస్తారన్న ఒక్క మాటలో ఉంది. "రిలేటివ్ ఎర్రర్ (పీలో ఇంత శాతం అని) తీసుకున్నాం" అని థీసిస్‌లో చూసి రాసేసిన విద్యార్థిని వైవాలో "ఎందుకు?" అని ఒక్క ముక్క అడిగితే చాలు, కథ ముగుస్తుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ ఫార్ములా కార్మికులను జిల్లా అంతటి నుంచి ఒక్కొక్కరిగా లాటరీ తీసినట్టు అనుకుంటుంది. మీరు నిజంగా చేసేది మిల్లులు ఎంచుకుని, ఒక్కో మిల్లులో కొంతమందిని తీసుకోవడం. ఒకే షెడ్డు కింద, ఒకే దుమ్ములో పనిచేసేవాళ్లు ఒకరిలా ఒకరు ఉంటారు. ఇరవయ్యో మనిషి మొదటి పందొమ్మిది మంది చెప్పినదానికి కొత్తగా కలిపేది కొద్దిగానే. ఈ పోలికను ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్ అంటారు. అది 0.05 అనుకుంటే, మిల్లుకు 20 మంది చొప్పున డిజైన్ ఎఫెక్ట్, అంటే శాంపిల్ ఎన్ని రెట్లు పెరగాలన్న లెక్క, 1 + 19 × 0.05 = 1.95. అంటే 256 కాస్తా 500 అవుతుంది, 25 మిల్లులు కావాలి. మిల్లుకు 10 మందే చాలనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1.45, మనుషులు 372, మిల్లులు 38.

ఇక్కడ బేరం ఏమిటో చూడండి. మనుషులు తగ్గాలంటే గేట్లు పెరగాలి. ఒక్కో గేటుకు రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుందంటే 500 మందిని 25 చోట్ల చూడటమే నయం. ఏదైనా సంఘం సాయంతో గేట్లు తేలిగ్గా తెరుచుకుంటే 38 చోట్ల పదేసి మంది. పైన పది శాతం మంది ఒప్పుకోరని కలుపుకుంటే 500 కాస్తా 556 దాకా వెళుతుంది.

రెండో జారుడు, లక్షణాన్ని కొలిచే సాధనం. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్‌కు పేరుపడ్డ గుర్తు వారం సెలవు తర్వాత మొదటి పనిరోజున, అంటే సోమవారం ఛాతీ బిగపట్టడం. ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో ఆదివారం సెలవు కాబట్టి 'సోమవారం' అన్న పేరు స్థిరపడింది. మన దగ్గర సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు "సోమవారం ఛాతీ పట్టేసినట్టుంటదా?" అని అడిగితే నాకొచ్చిన జవాబు: "మాకు సోమారం లేదు, ఐతారం లేదు సార్. సరుకుంటే పనే." ప్రశ్న మార్చుకున్నాం: "రెండు రోజులు పనికి రాక మళ్లీ వచ్చిన రోజు ఎట్లుంటది?" అప్పుడు చేతులు లేచాయి. వినికిడి పరీక్షకూ ఇలాంటి చిక్కే ఉంది. సిరిసిల్ల పవర్‌లూమ్ షెడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన మనిషి చెవులకు ఆడియోమెట్రీ చేస్తే, రాత్రి నిద్రపోతే పోయే తాత్కాలిక మొద్దుదనం కూడా శాశ్వత చెవుడు కింద నమోదవుతుంది. చప్పుడుకు 14 గంటలైనా దూరంగా ఉన్నాక, షిఫ్టుకు ముందే చేయాలి.

మూడోది విశ్లేషణ. నడుమునొప్పి లాంటి మామూలు సమస్యలకు కూడా ఆడ్స్ రేషియో వేసి "రెండింతలు" అని రాసేస్తారు. బస్తాలు మోసేవాళ్లలో 60 శాతం, మోయనివాళ్లలో 40 శాతం అనుకోండి. శాతాల నిష్పత్తి 1.5. ఆడ్స్ రేషియో, అంటే నొప్పి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఉన్న నిష్పత్తిని (60:40, 40:60) రెండు గుంపుల్లో పోల్చే అంకె, 2.25. రెండూ తప్పు లెక్కలు కావు, కానీ రెండోదాన్ని "రెండింతల మందికి పైగా" అని తెలుగులో రాస్తే అది అబద్ధం.

మరి పని మానేసినవాళ్ల సంగతి? క్రాస్ సెక్షనల్ పరిధిలోనే ఒక మార్గం ఉంది. మిల్లు గేటు దగ్గర కాకుండా కార్మికులు ఉండే బస్తీలో ఇంటింటికీ వెళ్లడం. "గత ఐదేళ్లలో ఈ ఇంట్లో ఎవరైనా మిల్లు పని మానేశారా, ఎందుకు?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ పెద్దామె చెప్పినవాళ్లు దొరుకుతారు. కష్టం రెట్టింపు. సీజన్‌కు వేరే రాష్ట్రం నుంచి వచ్చి వెళ్లిపోయినవాళ్లు అప్పటికీ దొరకరు.

## పాత రికార్డులు: కూర్చున్నచోటే చేసేయొచ్చు, కానీ

ప్రమాదాల రిజిస్టర్లు, ఈఎస్ఐ కాగితాలు, ఫస్ట్ ఎయిడ్ పుస్తకం, ఆసుపత్రి కేసు షీట్లు. డబ్బు లేనివాళ్లకు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు ఇదే దిక్కు.

రిజిస్టర్‌లో ఏది రాస్తారు, ఏది రాయరు అన్నది చట్టం గీసిన గీతను బట్టి ఉంటుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద దెబ్బ తగిలి 48 గంటలు, అంతకు మించి పనికి రాలేకపోతే కబురు పెట్టాల్సి ఉండేది. 1952 గనుల చట్టంలో రిపోర్టబుల్ (కబురు పెట్టాల్సిన) గాయానికి గీత 72 గంటలుగా ఉండేది. ఒక రైస్ మిల్లునూ ఒక బొగ్గు గనినీ పక్కపక్కన పెట్టి గాయాల రేటు పోల్చేవాళ్లు ఈ 24 గంటల తేడా చూసుకోకపోతే, గనిని ఊరికే మెచ్చుకున్నట్టవుతుంది. ఇంకో జాగ్రత్త: 2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టాలు పదమూడు అందులో కలిశాయి. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న ఏళ్లను ఒకే గీతగా గీయాలనుకుంటే, మీ రిజిస్టర్ నింపే మనిషి దగ్గర కూర్చుని ఏది రాస్తున్నాడో, ఏది మానేశాడో కనుక్కోండి. గ్రాఫులో కనిపించే పతనం ఒక్కోసారి ఫారం మారడం వల్ల వస్తుంది.

సేఫ్టీ ఆఫీసర్లు ఎక్కువగా పడే గుంత వేరే ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం ఫ్రీక్వెన్సీ రేటు అంటే పని పోగొట్టిన గాయాల సంఖ్యను పది లక్షలతో గుణించి, మొత్తం పనిగంటలతో భాగించడం. 200 మంది, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 4,80,000 గంటలు. ఒక ఏడాది 6 గాయాలైతే రేటు 12.5. మరుసటేడు 4 అయితే 8.33. స్లైడులో "33 శాతం తగ్గుదల" అని పెద్ద అక్షరాలతో వేస్తారు, మేనేజర్ చప్పట్లు కొడతాడు. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఆరుసార్లు బొమ్మ, నాలుగుసార్లు బొరుసు పడటంలో వింత ఏముంది? ఆరూ నాలుగూ అంతే. చిన్న ఫ్యాక్టరీ ఒక్కదాని రెండేళ్ల గాయాలతో ఏదీ తేలదు. పదేళ్లవి పోగేయండి, లేదా ఒకే రకం ఫ్యాక్టరీలు పదిహేను కలపండి, లేదా గాయాలకు బదులు కొద్దిలో తప్పిన ప్రమాదాలు లెక్కపెట్టండి. అవి ఎక్కువ జరుగుతాయి కాబట్టి అంకెలకు బలం ఉంటుంది. రాసేవాళ్లకు తిట్లు పడవన్న నమ్మకం మాత్రం ముందు కలిగించాలి.

దొరకనివాళ్లు? అడ్డా మీంచి ఆ రోజుకు తెచ్చుకున్న కూలీ. ఈఎస్ఐ పరిధిలో లేని మనిషి. వేలు నలిగితే ప్రైవేటు ఆసుపత్రిలో కుట్లు వేయించి, చేతిలో కొంత డబ్బు పెట్టి ఇంటికి పంపేసినవాడు. అతను ఏ రిజిస్టర్‌లోనూ లేడు.

## కేస్ కంట్రోల్: చెయ్యి పోయినవాడి దగ్గర మొదలుపెట్టడం

అరుదైన ఘటనకు ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. వెయ్యి మంది వెంట ఏడాది తిరిగే బదులు, పెద్దాసుపత్రి ఆర్థో, సర్జరీ వార్డుల్లో చేతి గాయాలతో చేరినవాళ్లను తీసుకుని, గాయపడనివాళ్లతో పోల్చడం. వరంగల్‌లో ఎంజీఎం లాంటి ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి కేసులు వస్తాయి కనుక మెడికోలకు ఇది అందుబాటులో ఉన్న దారి.

కష్టమంతా కంట్రోల్స్, అంటే ఆ గాయపడనివాళ్లను ఎంచుకునే దగ్గర. పక్క వార్డులో జ్వరంతో ఉన్నవాణ్ణి తెచ్చి కంట్రోల్ అంటే కుదరదు. అతను రోలర్ దగ్గర నిలబడే మనిషే కాకపోవచ్చు. "ఈ మనిషికి చెయ్యి నలిగి ఉంటే నా కేసుల్లోకి వచ్చేవాడా?" అనేది పరీక్ష. అవునంటేనే కంట్రోల్. సాధారణంగా అదే మిల్లు, అదే షిఫ్టులో పనిచేసే తోటి కార్మికుడు సరిపోతాడు. కేసులు తక్కువగా ఉంటే ఒక్కో కేసుకు ఇద్దరు, ముగ్గురు, నలుగురు కంట్రోల్స్ దాకా తీసుకోవచ్చు. నాలుగు దాటాక శ్రమే తప్ప పెద్దగా లాభం ఉండదు.

నాకు బాగా నచ్చింది దీని చుట్టం, కేస్ క్రాసోవర్. మాల్కమ్ మాక్లూర్ 1991లో ప్రతిపాదించాడు. ఇందులో కంట్రోల్ కూడా గాయపడ్డ మనిషే. ప్రమాదానికి ముందు పది నిమిషాల్లో ఏం చేస్తున్నాడు, నిన్న అదే సమయంలో ఏం చేస్తున్నాడు? మిషన్ ఆపకుండా ఇరుక్కున్న పత్తి లాగాడా, డబుల్ డ్యూటీలో ఉన్నాడా, ఫోన్ మోగిందా? వయసు, అనుభవం, కుడిచేతి వాటం, తాగుడు అలవాటు, అన్నీ ఒకే మనిషివి కాబట్టి వాటి గొడవే ఉండదు. క్షణాల్లో మారే కారణాలకే ఇది పనికొస్తుంది. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ముకు పనికిరాదు.

దెబ్బ తగిలినవాడు ఆ రోజును వెయ్యిసార్లు తలుచుకుని ఉంటాడు, తగలనివాడికి నిన్న ఏం కూర తిన్నాడో కూడా గుర్తుండదు. ఈ జ్ఞాపకాల తేడా ఫలితాన్ని ఒక పక్కకు లాగుతుంది. గాయమైన రెండు మూడు రోజుల్లోనే ఇద్దరినీ అడగడం తప్ప మందు లేదు.

## కోహార్ట్: ఓపిక ఉన్న సంస్థలకు

1950లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఊపిరితిత్తుల కాన్సర్ రోగులనూ ఇతర రోగులనూ పోల్చి పొగాకు వైపు వేలు చూపించారు. అది కేస్ కంట్రోల్. అందరినీ ఒప్పించడానికి అది చాలలేదు. 1951లో వాళ్లే డాక్టర్లకు ఉత్తరాలు రాసి, జవాబిచ్చిన దాదాపు 40 వేల మందిని ఏళ్ల తరబడి వెంబడించారు. ముందు పొగ, తర్వాత రోగం అనే వరస అప్పుడు కళ్లకు కట్టింది. ఒకే ప్రశ్నకు రెండు పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు కావాల్సి వచ్చాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మన ప్రాంతంలో కోహార్ట్‌కు సరిపోయే చోటు బొగ్గు గనులు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, భూపాలపల్లి బెల్టులో పర్మినెంట్ కార్మికుడు ఉద్యోగంలో చేరితే రిటైర్ అయ్యేదాకా ఉంటాడు. గనుల నిబంధనల ప్రకారం చేరేముందు ఒక వైద్య పరీక్ష, తర్వాత కనీసం ఐదేళ్లకోసారి ఒకటి. అంటే ఎక్స్‌రేలూ ఊపిరి పరీక్షలూ ఇప్పటికే ఫైళ్లలో ఉన్నాయి. కొత్తగా ఎవరినీ వెంబడించకుండా ఆ పాత ఫైళ్ల నుంచే ముందుకు నడిచే రెట్రోస్పెక్టివ్ కోహార్ట్ ఒక పీహెచ్‌డీకి చక్కగా సరిపోతుంది. అనుమతికి ఎన్ని టేబుళ్లు తిరగాలో ముందే లెక్కేసుకోండి.

జిన్నింగ్ సీజన్ కూలీలతో, ఇటుక బట్టీల్లో పనిచేసే వలస కుటుంబాలతో కోహార్ట్ పెట్టాలనుకునేవాళ్లను నేను ఆపుతాను. వచ్చే సీజన్‌కు అదే మనిషి అదే బట్టీకి వస్తాడన్న పూచీ లేదు, ఫోన్ నంబరు మారిపోతుంది. ఒంట్లో బాగాలేనివాళ్లే రాకుండా పోతారు కనుక మిగిలిన డేటా మళ్లీ ఆరోగ్యవంతుల కథే చెబుతుంది.

## ముందూ తర్వాతా: మాస్కులు ఇచ్చాం, తగ్గిందా?

"ట్రైనింగ్ ముందు సర్వే, ట్రైనింగ్ తర్వాత సర్వే, పీ విలువ 0.05 కంటే తక్కువ." అంటే తేడా కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చనే గుర్తు. పోలిక గ్రూపు లేకుండా ఇలా చేసిన స్టడీని నేనైతే నమ్మను. ప్రమాదాలు బాగా ఎక్కువైన ఏడాదే కదా ట్రైనింగ్ పెట్టాలని అందరికీ గుర్తొచ్చేది. చెడ్డ ఏడాది తర్వాత వచ్చేది ఎలాగూ కాస్త మంచిగానే ఉంటుంది. రిగ్రెషన్ టు ద మీన్ అనేది ఇదే. పైగా నవంబర్‌లో మొదటి సర్వే, మార్చిలో రెండోది చేస్తే సరుకు తగ్గి దుమ్మూ తగ్గి ఉంటుంది. ఆ ఘనతంతా మాస్కు ఖాతాలో పడుతుంది.

మరి సగం మిల్లులకు మాస్కులిచ్చి, సగానికి ఇవ్వకుండా చూస్తూ కూర్చుంటామా? అది మనసొప్పని పని, ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోదు. దీనికి వంతులవారీ పద్ధతి ఉంది, స్టెప్డ్ వెడ్జ్ అంటారు. ఆరు మిల్లులు ఉంటే మొదటి నెల రెండింటికి, రెండో నెల ఇంకో రెండింటికి, మూడో నెల మిగతా రెండింటికి. చివరికి అందరికీ అందుతాయి, ఎవరికి ముందన్నది మాత్రం చీటీలు తీసి తేల్చాలి. అన్ని మిల్లులకూ ఒకేసారి పంచే సత్తా ఎలాగూ ఉండదు కాబట్టి ఆ లోటే ఇక్కడ మనకు పనికొస్తుంది. ఆరు మిల్లులతో లెక్క బలహీనం. కనీసం పన్నెండైనా దొరికితే మొదలుపెట్టండి.

## మీరెవరన్నదాన్ని బట్టి

థీసిస్‌కు ఏడాదిన్నర ఉన్న పీజీ విద్యార్థి అయితే క్రాస్ సెక్షనల్ చేయండి, కానీ ప్రశ్నను "ఎంతమందికి ఉంది" దగ్గరే ఆపండి. "కారణాలు కనుగొనుట" అని ఆబ్జెక్టివ్ రాయకండి. ఆసుపత్రిలో కేసులు కళ్లముందే వస్తుంటే కేస్ క్రాసోవర్ గురించి గైడ్‌తో మాట్లాడండి, వైవాలో కూడా నిలబడుతుంది.

ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ అయితే మీ దగ్గరే రికార్డులున్నాయి. సర్వే పెట్టొద్దు. మీరు అడిగితే "హెల్మెట్ రోజూ పెట్టుకుంటాం సార్" అంటారు. అడగకుండా, వేర్వేరు సమయాల్లో షాప్‌ఫ్లోర్‌కు వెళ్లి ఎంతమంది పెట్టుకున్నారో గీతలు గీసుకోవడం మేలు.

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్), సోషియాలజీ వాళ్లయితే బీడీ ఇళ్లకు, హమాలీల బస్తీలకు వెళ్లగలిగే ఓపిక మీకే ఉంది. ఇంటింటి సర్వే చేయండి, మానేసినవాళ్లను పట్టుకోండి. స్పైరోమీటర్ లేదని బాధపడనక్కరలేదు.

యూనియన్ వాళ్లయితే మీరు చేసిన సర్వేను యాజమాన్యం మొదటి పేజీలోనే కొట్టిపారేస్తుంది. అందుకే సభ్యులను మాత్రమే అడగకండి. మస్టర్ కాపీ సంపాదించి, ప్రతి పదో పేరునూ తీసుకుని, ఆ మనిషి మీ జెండా కిందివాడు కాకపోయినా అడగండి.

ఎవరైనా సరే ఓనరు అనుమతి, కార్మికుడి అనుమతి రెండూ వేర్వేరని మరిచిపోవద్దు. ఓనరు సరే అన్నాడని వరసలో నిలబడ్డ మనిషి ఒప్పుకున్నట్టు కాదు. ఒక్కొక్కరి రీడింగులు ఆఫీసుకు ఇవ్వబోమని ముందే చెప్పండి. వద్దన్నవాణ్ణి మేస్త్రీ చూడకుండా పక్కకు వెళ్లనివ్వండి.

## ప్రశ్నావళి అచ్చుకు పంపేముందు

ఏ పద్ధతి తీసుకున్నా పదిమందితో ఒకసారి అడిగి చూడండి. 'సర్వే' అన్న మాట దగ్గరే మొదటి దెబ్బ తగులుతుంది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పటి నుంచి మన ఊళ్లలో ఆ మాటకు పథకమనో పింఛననో అర్థం వచ్చేసింది. బీడీ చుట్టే ఇంట్లో ఆ మాట అంటే చాలు, లేని నొప్పులు కొన్ని వస్తాయి, ఉన్న ఆదాయం కొంత పోతుంది.

ఒళ్లునొప్పులకు అందరూ వాడే నార్డిక్ ప్రశ్నావళిలో "గత 12 నెలల్లో" అని ఉంటుంది. మిర్చి యార్డులో ఒక హమాలీని నేను అదే అడిగాను. బస్తా దించి, తువ్వాలతో మొఖం తుడుచుకుని, "పన్నెండు నెలలంటే ఉగాది కాంచి ఉగాదికా, లేకుంటే ఇయ్యాల్టి కాంచి ఎనుకకా?" అన్నాడు. పక్కనున్నాయన అందుకున్నాడు: "గట్ల గాదు సార్, పోయిన మిర్చి సీజన్ల నొచ్చిందా అని అడుగు, చెప్తం." ఆ రోజు నుంచి మా ఫారాల్లో నెలల అంకె పక్కన ఖాళీ గీత ఒకటి ఉంటుంది. సంక్రాంతి, దసరా, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర, ఏది దగ్గరగా ఉంటే అది అడిగేవాళ్లు అక్కడ రాసుకుంటారు.